నీళ్లలో కరిగే ఆనందమైడ్ ఫాస్ఫేట్: ప్రయోగం శుభ్రపడుతుందా, చిక్కు పెరుగుతుందా?

కార్బన్‌గొలుసు:
ఆనందమైడ్ అంటే మెదడు తనంతట తానే తయారుచేసుకునే, గంజాయిలా పనిచేసే కొవ్వు అణువు. 1992లో పంది మెదడులోంచి వేరుచేసినప్పటి నుంచీ దానితో ఒకటే తలనొప్పి: నీళ్లలో కరగదు. ఎలుకకు ఎక్కించాలన్నా, గిన్నెలోని కణాల మీద వేయాలన్నా ఇథనాలో, డీఎంఎస్‌ఓనో, ట్వీన్ 80నో, ఏదో ఒక కరిగించే పదార్థాన్ని పట్టుకోవాలి. అదే అణువు చివరనున్న హైడ్రాక్సిల్‌కి ఫాస్ఫేట్ తగిలిస్తే బఫర్‌లో కరుగుతుంది. లోపలికి వెళ్లాక ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీసి అసలు ఆనందమైడ్‌ను వదిలిపెడుతుంది. ఫిన్లాండ్‌లోని కువోపియో విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి ఎస్టర్ల గురించి 2003లోనే రాశారు. ఆనందమైడ్ కోవకే చెందిన నొలాడిన్ ఈథర్‌కి కూడా నీళ్లలో కరిగే ప్రోడ్రగ్‌లు (లోపలికి వెళ్లాక అసలు అణువుగా మారే రూపాలు) చేసి, కంటి లోపలి ఒత్తిడి మీద వాటి ప్రభావం చూశారు. ఇంత తేలికైన దారి ఉండగా ఇంకా ద్రావకాలతో కుస్తీ ఎందుకు? ఇక నుంచి ప్రోడ్రగ్‌నే మామూలు పద్ధతిగా పెట్టుకోవాలంటాను.

గ్రాహకం:
ఒప్పుకోనండి. ద్రావకాన్ని తీసేసి దాని చోట ఏం పెడుతున్నారో చూడండి. పొడుగాటి కొవ్వు ఆమ్లం గొలుసు, చివర ఫాస్ఫేట్. ఇది అచ్చం కణాలకు సంకేతాలిచ్చే లైసోఫాస్ఫాటిడిక్ ఆమ్లం, అదే ఎల్‌పీఏ పోలిక. ఇదే అమరిక ఉన్న ఓలియోయిల్ అణువును ఎల్‌పీఏ గ్రాహకాలను (రిసెప్టర్లను) ప్రేరేపించడానికే ల్యాబుల్లో వాడుతున్నారు. కాబట్టి ఫాస్ఫేట్ ఊడేలోపు కణంలో కాల్షియం పెరిగితే, అది ఆనందమైడ్ అతుక్కునే సీబీ1 గ్రాహకం వల్లా, ఎల్‌పీఏ గ్రాహకం వల్లా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ‘ఆనందమైడ్ ఇలా చేసింది’ అని రాయడం అన్యాయం.

నాడీకణం:
గ్రాహకం గారి అనుమానం న్యాయమైనదే. కానీ ద్రావకాలు మాత్రం ఏం అమాయకమైనవి? ఆనందమైడ్ సీబీ1తో ఆగదు, నొప్పినీ వేడినీ పసిగట్టే టీఆర్‌పీవీ1 ద్వారాన్నీ తెరుస్తుందని 1999లోనే తేలింది. ఆ టీఆర్‌పీవీ1 స్పందనను ఇథనాల్ పెంచుతుంది. నొప్పి నాడుల మీద ఇథనాల్‌లో కలిపిన ఆనందమైడ్ వేస్తే రెండింటి ఉమ్మడి ప్రభావమే మనకు కనిపిస్తుంది. ఒట్టి ఇథనాల్ వేసిన కంట్రోల్ గిన్నె దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే విడిగా వేసినప్పుడు రెండూ కలిసి చేసే పని అక్కడ జరగదు. నాకు అసలు భయం ఇక్కడే. పైగా ఆనందమైడ్ ప్లాస్టిక్ గొట్టాల గోడలకు అంటుకుపోతుంది. ఎంత వేశామో రాసుకుంటాం, కణాల దాకా ఎంత చేరిందో తెలియదు.

పరిశోధక విద్యార్థిని:
ఒక సందేహమండీ. ఫాస్ఫేట్ ఊడే వేగం అన్ని కణజాలాల్లో ఒకేలా ఉండదు కదా? ఎముక, కాలేయం, కిడ్నీల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగానే ఉంటుంది. నేను పెంచే కణాల్లో ఎంత ఉందో నాకు తెలియదు. ఒకవైపు ఆనందమైడ్ మెల్లగా విడుదలవుతుంటే, ఇంకోవైపు ఫా (ఎఫ్‌ఏఏహెచ్) ఎంజైమ్ దాన్ని అరాకిడోనిక్ ఆమ్లంగా విరగ్గొడుతూనే ఉంటుంది. అలాంటప్పుడు గ్రాహకం దగ్గర సాంద్రత ఎప్పటికైనా చాలినంత అవుతుందా?

నాడీకణం:
మంచి ప్రశ్నమ్మా. ఊహించి లాభం లేదు, కొలవాల్సిందే. ప్రోడ్రగ్ వేశాక ఒకటి, అయిదు, పదిహేను నిమిషాలకు ద్రవం తీసి మాస్ స్పెక్ట్రోమెట్రీలో ఫాస్ఫేట్ రూపం, ఆనందమైడ్, అరాకిడోనిక్ ఆమ్లం మూడూ చూడు. ఫా నిరోధకంతో ఒకసారి, లేకుండా ఒకసారి చెయ్యి. అది తెలియకుండా డోసు గురించి మాట్లాడటం దండగ.

గ్రాహకం:
ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ ఫాస్ఫేట్ రూపాన్ని, అంటే ఫాస్ఫోఆనందమైడ్‌ని, మనం దీనికోసమే కొత్తగా కనిపెట్టామనుకోవద్దు. మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాల్లో ఆనందమైడ్ తయారయ్యే ఒక దారిలో ఈ అణువే మధ్యలో వస్తుందనీ, దాని ఫాస్ఫేట్‌ను పీటీపీఎన్22 అనే ఫాస్ఫటేజ్ తీసేస్తుందనీ 2006లో చూపించారు. అంటే రోగనిరోధక కణాలకు ప్రోడ్రగ్ ఇస్తే, వాటి సొంత తయారీ దారిలోకే సరుకు పోసినట్టవుతుంది. అక్కడ దీన్ని తటస్థమైన వాహకం అనడానికి నాకు మనసొప్పదు.

కార్బన్‌గొలుసు:
మాక్రోఫేజ్‌ల విషయంలో మీ మాటే సరి, అక్కడ వద్దు. మిగతా చోట్ల నా పట్టు వదలను, కానీ షరతులు పెడతాను. సీబీ1ను ఆపే రిమోనబాంట్‌తో స్పందన ఆగాలి. ఎల్‌పీఏ1, ఎల్‌పీఏ3లను ఆపే కేఐ16425తో ఆగకూడదు. ఈ రెండూ చూపించని పేపర్‌ను నమ్మక్కర్లేదు. ఫాస్ఫటేజ్‌ను లెవామిసోల్‌తో ఆపి కూడా చూడొచ్చు గానీ, దానికి సొంత ప్రభావాలున్నాయి, ఒక్క దాని మీదే ఆధారపడకండి.

గ్రాహకం:
ఆ షరతులు రాసి పెడితే నాకు అభ్యంతరం సగం తగ్గింది. ‘మామూలు పద్ధతి’ అన్న మాటకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

పరిశోధక విద్యార్థిని:
మెదడు ముక్కల మీద పోసే ద్రవంలో కాల్షియం ఉంటుంది. ఫాస్ఫేట్ రూపం అందులో తేటగానే ఉంటుందా?

నాడీకణం:
ముందు కణాలు లేకుండా ఖాళీ గిన్నెలో కలిపి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడు. ఇలాంటి కొవ్వు ఫాస్ఫేట్లు కాల్షియం తగిలితే తెల్లగా విరిగే ప్రమాదం ఉంది. తేటగా ఉన్నా ముగిసినట్టు కాదు. ఇవి సబ్బు అణువుల్లా మిసెల్లుగా గుమిగూడతాయి, కంటికి కరిగినట్టే కనిపిస్తాయి. తక్కువ సాంద్రతతో మొదలుపెట్టు.