డిస్టిల్డ్ వాటర్ పీహెచ్ 5.8 చూపిస్తోంది, మీటరు పోయినట్టేనా?

ప్రశ్న:
పీహెచ్ (ద్రావణం ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె; 7 తటస్థం, తక్కువైతే ఆమ్లం) కొలిచే మీటర్‌ను 7.00, 4.01 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) క్యాలిబ్రేట్ చేశాను. డిస్టిల్డ్ వాటర్‌లో పెడితే 5.8 చూపిస్తోంది, అదీ ఒకచోట నిలవడం లేదు. ఇంకొకటి: పీహెచ్ 3, పీహెచ్ 5 ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు చెరో 50 మి.లీ. కలిపితే 4 రావాలి కదా, 3.3 వచ్చింది. ఎలక్ట్రోడ్ (ద్రావణంలో ముంచే కడ్డీ) మార్చాలా?

జవాబు 1:
మార్చకండి. 3.3 సరైన రీడింగే, తప్పు మీ లెక్కలో ఉంది. సగటు తీయాల్సింది పీహెచ్‌లకు కాదు, హైడ్రోజన్ అయాన్ల గాఢతకు. పీహెచ్ 3 అంటే లీటరుకు 0.001 మోల్, పీహెచ్ 5 అంటే 0.00001. రెండూ కూడి సగం చేస్తే 0.000505. దాని లాగ్ తీసి గుర్తు మారిస్తే 3.30. పీహెచ్ 5 ద్రావణంలో ఆమ్లం వంద రెట్లు తక్కువ కాబట్టి, దాన్ని కలపడమంటే దాదాపు నీళ్లు పోసినట్టే.

జవాబు 2:
5.8 కూడా నిజమే. మూత లేకుండా ఉంచిన నీటిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి కార్బోనిక్ ఆమ్లమవుతుంది, పీహెచ్ 5.6 దాకా దిగుతుంది. పది నిమిషాలు మరగనిచ్చి, మూత బిగించి చల్లార్చి, వెంటనే కొలిస్తే 7 దగ్గరికి వస్తుంది. అంకె ఊగడానికి కారణం వేరు: ఆ నీటిలో అయాన్లు మరీ తక్కువ, కరెంటు సరిగా పారదు. 100 మి.లీ.కి సంతృప్త పొటాషియం క్లోరైడ్ ద్రావణం 0.3 మి.లీ. కలపండి, కుదురుకుంటుంది. అసలు మీటరు పనితీరు చూడటానికి డిస్టిల్డ్ వాటర్ పనికిరాదు, బఫరే వాడాలి. ఎలక్ట్రోడ్‌ను ఆ నీటిలో నిల్వ ఉంచితే మాత్రం నిజంగానే పాడవుతుంది. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచండి.

జవాబు 3:
పై జవాబుకు చిన్న చేర్పు. బాగా చల్లారాకే కొలవండి. తటస్థం అంటే 7 అన్నది 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర మాటే. 100 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటి పీహెచ్ 6.14 ఉంటుంది, అయినా అది తటస్థమే, ఎందుకంటే హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు సమానంగానే ఉంటాయి. మీటరులోని టెంపరేచర్ కరెక్షన్ దీన్ని సరిచేయదు. అది సరిచేసేది ఎలక్ట్రోడ్ స్లోప్‌ను, అంటే ఒక్కో పీహెచ్‌కు వోల్టేజీ ఎంత మారుతుందో దాన్ని మాత్రమే (25 డిగ్రీల దగ్గర 59.16 మిల్లీవోల్టులు). క్షారాలు కొలవాలంటే 10.01 బఫర్ కూడా కావాలి. ఒకసారి గ్లాసులోకి వంపిన బఫర్‌ను తిరిగి సీసాలో పోయకండి, అది కూడా కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దిగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైంది. మరి పీహెచ్ 6 ఉన్న ఆమ్లాన్ని వంద రెట్లు పలచన చేస్తే 8 వచ్చి క్షారం అయిపోతుందా?

జవాబు 1:
కాదండి. అంత పలచనైతే ఆమ్లం ఇచ్చే హైడ్రోజన్ అయాన్ల కంటే నీరే ఇచ్చేవి ఎక్కువ. వాటినీ లెక్కలో కలిపితే 6.98 వస్తుంది. ఎంత నీళ్లు పోసినా ఆమ్లం 7 దాటదు.