“పొందియున్నామని నమ్ముడి”: ఈ మాటను ఆచరించి చూసినవారు ఉన్నారా?

కడప టీచరు

మార్కు సువార్త 11వ అధ్యాయం, 24వ వచనం. “అందుచేత ప్రార్థన చేయునప్పుడు మీరు అడుగుచున్న వాటినెల్లను పొందియున్నామని నమ్ముడి, అప్పుడు అవి మీకు కలుగునని మీతో చెప్పుచున్నాను.” ఆదివారపు బడిలో కంఠతా పట్టిన మాట. ఇన్నేళ్లూ దీన్ని “గట్టిగా నమ్మి అడిగితే దేవుడు ఇస్తాడు” అనే అర్థంలోనే చదువుకున్నాను.

బెంగళూరులో ఉద్యోగం వెతుక్కుంటున్న మా అబ్బాయి మొన్న ఫోనులో వేరే అర్థం చెప్పాడు. నెవిల్ గొడార్డ్ అని ఒకాయన ఉండేవారట. 1905లో బార్బడోస్ దీవిలో పుట్టి, పదిహేడేళ్ల వయసులో నాటకరంగం కోసం న్యూయార్క్ చేరి, తర్వాత జీవితమంతా బైబిలు మీద ప్రసంగాలు చేస్తూ గడిపారు. మనిషిలోని ఊహాశక్తే దేవుడు అన్నది ఆయన బోధ. కోరిక తీరాక జరిగే ఒక చిన్న సన్నివేశాన్ని, ఉదాహరణకు స్నేహితుడు వచ్చి చెయ్యి కలిపి అభినందించడాన్ని, నిద్రలోకి జారుకునే ముందు నిజమనిపించేదాకా మళ్లీ మళ్లీ ఊహించాలట. మా అబ్బాయి రోజూ అలాగే చేస్తున్నాడు.

తప్పు అనలేకపోయాను, సరే అని కూడా అనలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీలో ఎవరైనా దీన్ని ఆచరించి ఉంటే ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

ఎర్రనేల, అనంతపురం

ఉన్నదున్నట్టే చెబుతాను అక్కా. మాది కళ్యాణదుర్గం వైపు. మా నాన్న నాలుగు బోర్లు వేయించారు. మూడు ఎండిపోయాక, నాలుగోదానికి పాయింటు పెట్టించిన రోజు నుంచి నేను ఇదే సాధన చేశాను. పైపులోంచి నీళ్లు ఎగజిమ్ముతున్నట్టు, నాన్న దోసిట్లో పట్టి ముఖం కడుక్కుంటున్నట్టు ఊహించేవాణ్ణి. నీళ్ల చల్లదనం చేతికి తెలిసేంతగా చేశాను. ఇరవై రోజులు ఒక్క పూట తప్పలేదు.

బండి వచ్చింది. తెల్లవార్లూ తవ్వారు. ఆరువందల అడుగుల దాకా తెల్ల దుమ్మే వచ్చింది.

అప్పు కన్నా నన్ను ఎక్కువ కాల్చింది ఒక మాట. “నీ మనసులో ఎక్కడో అనుమానం ఉండి ఉంటుంది, అందుకే పడలేదు” అని ఒకాయన అన్నారు. రెండేళ్లు ఆ మాటే మోశాను. భూమి లోపల బండలో పగుళ్లు ఉంటే నీళ్లు ఉంటాయి, లేకపోతే లేవు. నా అనుమానం ఆ బండను ఎలా మారుస్తుంది?

వేదాంత విద్యార్థి, కర్నూలు

అన్నా, మీకు ఆ మాట అన్నవారిది తప్పు. అది మొదటే చెప్పి, తర్వాత వచనంలోకి వెళ్తాను.

టీచరు గారూ, “పొందియున్నామని” అన్న మన తెలుగు మాట వెనుక పెద్ద కథే ఉంది. నాలుగో శతాబ్దపు సినాయి, వాటికన్ అనే గ్రీకు బైబిలు చేతిరాత ప్రతుల్లో ఇక్కడ “ఎలాబెతె” అనే గ్రీకు క్రియ ఉంది. అంటే, పొందారు. పని అయిపోయింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు అనుసరించిన పాఠంలో “లంబానెతె” ఉంది. అంటే, పొందుతున్నారు. కాబట్టి “అయిపోయినట్టు నమ్ము” అన్న చోటు నెవిల్ కల్పించింది కాదు. పాత ప్రతుల్లో ఉన్నదే. ఆయన వేరైపోయేది ఎవరు ఇచ్చారు అన్న దగ్గర. యేసు 22వ వచనంలో “దేవునియందు విశ్వాసముంచుడి” అని మొదలుపెట్టారు. నెవిల్ ఆ దేవుణ్ణి తెచ్చి మనిషి ఊహలో కూర్చోబెట్టారు.

ఆయనకు ముందూ ఈ దారి ఉంది. 1889లో ఫిల్‌మోర్ దంపతులు అమెరికాలోని కన్సాస్ సిటీలో మొదలుపెట్టిన యూనిటీ అనే ఉద్యమపు బోధలో పన్నెండుమంది శిష్యులంటే మనిషిలోని పన్నెండు శక్తులు. పేతురు విశ్వాసం, బర్తొలొమయి ఊహ. మార్కు 11లో ఎండిన అంజూరపు చెట్టును గుర్తు చేసింది పేతురు. బర్తొలొమయి, నతనయేలు ఒక్కరేనని సంప్రదాయం, ఆ నతనయేలును యేసు చూసింది కూడా అంజూరపు చెట్టు కిందే. ఈ పోలిక నాకు అందంగానే ఉంటుంది. కానీ అందమైనదల్లా వాక్యం చెప్పిన అర్థం కాదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఒక హీబ్రూ మాట. ఆదికాండము 6:5లో మనుషుల తలంపులలోని “ఊహ” అంతా చెడ్డదని ఉంది కదా, అక్కడి మాట “యేట్సెర్”. యెషయా 26:3లో “ఎవని మనస్సు నీమీద ఆనుకొనునో” అన్నచోట మనస్సు అని అనువదించిందీ అదే మాటను. దీని ధాతువుకు అర్థం మలచడం. మంటితో నరుణ్ణి నిర్మించాడన్న చోట అదే క్రియ. యిర్మీయా వెళ్లి చూసిన కుమ్మరిని పిలిచే పేరూ అందులోంచి వచ్చిందే. ఊహ అంటే లోపల తిరిగే సారె. దాని మీద మట్టి ముద్ద ఎటూ ఊగకుండా ఆనుకొని ఉండాలి. దేని మీద ఆనుకొని ఉందన్నదే యెషయా పట్టించుకున్నది.

రాత్రి డ్యూటీ, ప్రొద్దుటూరు

నేను నర్సును. మంచం మీద ఉన్నవాళ్లకు ఈ వచనం చెప్పేటప్పుడు దయచేసి జాగ్రత్తగా ఉండండి.

మా వార్డులో ఒక పెద్దావిడ ఉండేది. చూడవచ్చినవాళ్లు “స్వస్థత పొందానని ఒప్పుకోలు చెప్పు, నొప్పి ఉందని నోటితో అనకు” అని ఒట్టు వేయించుకొని వెళ్లారు. ఆమె నొప్పి మాత్ర అడగడం మానేసింది. పళ్లు బిగించి గోడవైపు తిరిగి పడుకునేది. మూడో రాత్రి పక్కన కూర్చొని, గెత్సెమనే తోటలో యేసు ప్రభువే ఈ గిన్నె, అంటే రానున్న బాధ, తొలగించమని అడిగారు కదమ్మా, ఆయనకు విశ్వాసం తక్కువా అని అడిగాను. చాలాసేపు ఏడ్చి మాత్ర వేసుకుంది. ఆమె బతకలేదు. కానీ చివరి వారం మనవరాలితో మాట్లాడగలిగింది.

ఊహ మంచిదే, నేను కాదనను. నొప్పిలో ఉన్నవాళ్లను సొంత ఊరు తలుచుకోమంటే ఊపిరి నెమ్మదించడం రోజూ చూస్తున్నాను. దాన్ని పరీక్షగా మార్చి వాళ్ల నెత్తిన పెట్టకండి.

గట్టు మీద, నంద్యాల



మా అన్నకూ నాకూ పంపకాల దగ్గర గట్టు తగాదా వచ్చి తొమ్మిదేళ్లు మాటల్లేవు. నెవిల్ పద్ధతి తెలిశాక నేను అడిగింది పొలం కాదు, అన్న మా ఇంటికి రావడం. చెప్పులు విప్పుతున్న చప్పుడు, “అబ్బీ, నీళ్లియ్యి” అన్న గొంతు, ఇత్తడి చెంబు అందుకునే చెయ్యి. రోజూ పడుకునే ముందు అంతవరకే.

మొదటి వారం ఆ సన్నివేశంలో నేనే నిలవలేకపోయాను. అన్న చెంబు అందుకునేసరికి నా నోట్లోంచి పాత లెక్కలు వచ్చేవి. ఆ రోజు అంతమందిలో ఎందుకు అలా అన్నావు అని ఊహలో కూడా కొట్లాడేవాణ్ణి. అప్పుడు బైబిలు తీసి తర్వాతి వచనం చూశాను. 25లో, ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీదనైనా విరోధం ఉంటే క్షమించమని ఉంది. నెవిల్ పద్ధతి చెప్పే వీడియోల్లో 24తో ఆపేస్తారు, 25 చదివేవారిని నేను చూడలేదు. 24 చేయబోతే 25 తానే ఎదురొచ్చి నిలబడింది.

రెండు నెలలైనా అన్న రాలేదు. ఒక రాత్రి ఊహలో గడప తిరగబడింది. చెప్పులు విప్పుతున్నది నేను, అది అన్న ఇల్లు. అమ్మ సంవత్సరీకానికి వెళ్లాను. వదిన నీళ్లిచ్చింది. అన్న మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చాడు. పొలం మాట ఎవరమూ ఎత్తలేదు. గట్టు రాళ్లు ఇప్పటికీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఊహ అన్నను కదిలించలేదు. నన్ను కదిలించింది. దీన్ని ప్రార్థనకు జవాబు అనే నేను అనుకుంటున్నాను.

పుష్పగిరి దారి, కడప

నేను క్రైస్తవుణ్ణి కాను, చదువుతూ వచ్చాను. మన పెద్దలు “యద్భావం తద్భవతి” అన్నారు గానీ యత్కల్పనం అనలేదు. తెలుగులో “కల్పన” అంటే లేనిది పుట్టించడం, అబద్ధానికి దగ్గర. “భావన” అంటే ఉన్నదాన్ని లోపల నిలుపుకోవడం. మందును రసంలో పదేపదే నానబెట్టి నూరడాన్ని కూడా ఆయుర్వేదంలో భావన అనే అంటారు. నంద్యాల అన్న రెండు నెలలు చేసింది నాకు అలా కనిపించింది.

కడప టీచరు

అందరికీ వందనాలు. నర్సమ్మ రాసింది చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. నిన్న రాత్రి అబ్బాయితో 22 నుంచి 25 దాకా కలిపి చదివించాను. సాధన మానమని అనలేదు. ఉద్యోగం రాకపోతే నీలో లోపం అనుకోవద్దని మాత్రం రెండుసార్లు చెప్పాను. “నాన్న మీద నాకు కొంచెం కోపం ఉందమ్మా” అన్నాడు. అది నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ఎర్రనేల తమ్ముడూ, ఆ నాలుగో బోరు తర్వాత ఏమైంది? ఇప్పుడు పొలంలో ఏముంది?

ఎర్రనేల, అనంతపురం

బోరు మళ్లీ వేయలేదు అక్కా. ఈసారి కంది, మధ్యలో కొంచెం వేరుశనగ అనుకుంటున్నాం. వాన ఇంకా రాలేదు. నాన్న నిన్న గొర్రు బాగు చేయించుకొని వచ్చారు.