బ్లూ కట్ అద్దాలు: పైసలు దండుగనా, పని చేస్తయా?

చౌరస్తా_హన్మకొండ:
హాస్టళ్లల్ల ఉండి ఎప్‌సెట్‌కు చదివే పిల్లలకు పవర్ లేకున్నా దుకాణాలల్ల బ్లూ కట్ (నీలికాంతిని కొంత ఆపే పూత ఉన్న) అద్దాలు అంటగడుతున్నరు. కండ్లు గుంజుడు తగ్గుతది, నిద్ర మంచిగ పడుతది అని చెప్తున్నరు. నిజమేనా?

కంటిపరీక్ష:
కండ్లు గుంజుడు, నిద్ర రెండు వేర్వేరు ముచ్చట్లు. ముందు కండ్ల సంగతి. 2023ల కాక్రేన్ (వైద్య ప్రయోగాలను ఒక్క దగ్గర జమ చేసి చూసే సంస్థ) సమీక్ష 17 ప్రయోగాలను కలిపి చూసింది. తక్కువ కాలం వాడకంల మామూలు అద్దాలకూ వీటికీ కంటి అలసటల తేడా కనబడలే. కండ్లు గుంజుతందుకు పెద్ద కారణం రెప్పలు. నిమిషానికి 15 సార్ల దాకా కొట్టే రెప్ప స్క్రీన్ ముంగట 5, 7కు పడిపోతది. దానికి తోడు కూలర్ గాలి మొహానికి కొడితే కన్నీటి పొర ఆరి మంట లేస్తది. కూలర్‌ను పక్కకు తిప్పుర్రి. స్క్రీన్ కంటి మట్టం కన్న కిందికి ఉండాలె. చూపు వాలితే కన్ను తక్కువ తెరుచుకుంటది, ఆరుడు తగ్గుతది.

కాజీపేట_నైట్‌డ్యూటీ:
కంటి సంగతి ఒప్పుకుంట. నిద్ర సంగతి నువ్వు చెప్పనే లేదు అన్నా, దాన్ని తేలిగ్గ కొట్టెయ్యకు. రెటీనాల మెలనాప్సిన్ ఉన్న కణాలు పగలా రాత్రా అని మెదడుకు చెప్తయ్. అవి 480 నానోమీటర్ల నీలికాంతి దగ్గర బాగ స్పందిస్తయ్, ఎల్ఈడీ నీలికాంతి ఎక్కువుండేది 450 దగ్గర. 2015ల అచ్చయిన అమెరికా ప్రయోగంల పండుకునే ముందు 4 గంటలు ఐప్యాడ్‌ల చదివినోళ్లకు మెలటోనిన్ (నిద్రకు తయారుచేసే హార్మోన్) గంటన్నర లేటుగ మొదలైంది.

కంటిపరీక్ష:
అదే ప్రయోగంల నిద్ర పట్టుడు లేటయింది దాదాపు 10 నిమిషాలే. మనుషులు 12 మంది, గది మసక, స్క్రీన్ ఫుల్ బ్రైట్‌నెస్. మన హాస్టల్ గది అట్లుంటదా? నెత్తి మీద 20 వాట్ల ట్యూబ్‌లైట్ ఉంటది. చిన్న గదిల అది 100 లక్స్ (వెలుతురు కొలత) దాటిస్తది. జానెడు కన్న ఎక్కువ దూరంల పట్టిన ఫోన్ ఇచ్చేది పదుల లక్స్‌ల. ఇగ మామూలు బ్లూ కట్ పూత ఆపేది నీలికాంతిల 10 నుంచి 25 శాతం. బ్రైట్‌నెస్ సగం చేస్తె అంతకన్న ఎక్కువ తగ్గుతది, పైసా ఖర్చు లేదు.

లక్స్_లెక్క:
కొలిచి చూడుర్రి. లక్స్ మీటర్ యాప్ వేసి ఫోన్‌ను కంటి దగ్గర, చూపు పోయే దిక్కుకే మొహం పెట్టి పట్టాలె. సీలింగ్ దిక్కు పెడితె అంకె ఉత్తగ పెరుగుతది. సెన్సర్ అంత కచ్చితం కాదు, కానీ లైట్ వేసినప్పుడు, ఆర్పినప్పుడు పోల్చుకునేతందుకు చాలు. అక్షరాలు పెద్దగ చేసి 40 సెంటీమీటర్ల దూరంల పట్టుకోర్రి. 20కి తెస్తె కంటికి చేరే వెలుతురు దాదాపు నాలుగింతలయితది.

డిస్‌ప్లే_మెకానిక్:
బ్రైట్‌నెస్ దించుమనే ముందు ఒక్క మాట. చాన ఓలెడ్ (చుక్కలు సొంతంగ వెలిగే రకం) స్క్రీన్లు మసక చేసేతందుకు సెకనుకు వందల సార్లు ఆరి వెలుగుతయ్. కొందరికి దానితోనే తలనొప్పి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఉన్న ఎక్స్‌ట్రా డిమ్ (స్క్రీన్‌ను ఇంకింత మసక చేసే సెట్టింగ్) ఆన్ చేసి, బ్రైట్‌నెస్ గీతను సగం పైన ఉంచుర్రి. చీకటి సాఫ్ట్‌వేర్‌తోని వస్తది, ఆరుడు వెలుగుడు తక్కువ తగులుతది. అన్ని మోడళ్లల్ల ఒక్కతీరు కాదు, రెండు తీర్ల పెట్టి చూడాలె.

కాజీపేట_నైట్‌డ్యూటీ:
పూత అద్దాల మీద ఇగ వాదన పెట్ట. నారింజ రంగు అద్దాలు వేరే సంగతి, అవి నీలికాంతిని దాదాపు మొత్తం ఆపుతయ్. రాత్రి డ్యూటీ దిగి పొద్దున పండుకునేటోళ్లకు పనికొస్తయ్.

కంటిపరీక్ష:
ఇంటికి పోయినంక పెట్టుకుంటె సరే. బండి మీద వద్దు, రంగులు మారి సిగ్నల్ మసకబడుతది.