క్యాన్సర్ తలరాతేనా? కణం నకలు తీసేటప్పుడు దొర్లే తప్పుల మీద చర్చ

సందేహి:
నాన్నకి పెద్దపేగు క్యాన్సర్ అని తెలిసి ఆరు నెలలైంది. సిగరెట్ ముట్టలేదు, మందు తాగలేదు. చూడటానికి వచ్చినవాళ్లంతా ఏం తిన్నారో, ఏం చేశారో అని ఆరా తీస్తుంటే ఆయన తల వంచుకుని కూర్చుంటున్నారు. మూడింట రెండు వంతుల క్యాన్సర్లకి కారణం దురదృష్టమేనని, కణాలు విభజన చెందేటప్పుడు వాటంతట అవే జరిగే పొరపాట్లేనని ఒక వ్యాసంలో చదివాను. నిజమేనా? నిజమైతే ఆయనకి చెప్పాలని ఉంది.

కణమిత్ర:
నిజమేనండీ, ధైర్యంగా చెప్పండి. కణం రెండుగా విడిపోయే ముందు తన డీఎన్‌ఏ మొత్తానికి నకలు తీసుకోవాలి. మన కణంలో అది దాదాపు 600 కోట్ల అక్షర జతలు. నకలు తీసే పాలిమరేజ్ అనే ఎంజైమ్ సుమారు లక్ష అక్షరాలకి ఒకటి తప్పు పెడుతుంది. వెంటనే తనే ఒక అడుగు వెనక్కి వేసి, తప్పుని కోసేసి, సరైనది పెడుతుంది. దాని చూపు కూడా దాటిపోయిన వాటిని రిపేరు ప్రొటీన్లు వెతికి పట్టుకుంటాయి. ఇంత వడపోత తర్వాత వంద కోట్ల అక్షరాలకి ఒకటో, ఇంకా తక్కువో మిగులుతాయి. తక్కువే, కానీ సున్నా కాదు. పేగు లోపలి పొర కొన్ని రోజులకోసారి కొత్తదవుతూనే ఉంటుంది, అంటే అక్కడ నకళ్లకి విరామం లేదు. పెద్దయ్యాక దాదాపు విభజన చెందని గుండె కండరంలో క్యాన్సర్ చాలా అరుదు. 2015లో తొమసెట్టి, వోగెల్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు 31 రకాల కణజాలాలు తీసుకుని చూస్తే, మూలకణాలు (కొత్త కణాలని పుట్టించేవి) ఎన్నిసార్లు విభజన చెందితే అక్కడ క్యాన్సర్ రిస్క్ అంత పెరుగుతోందని తేలింది. మీ నాన్నగారు చేసిన తప్పేమీ లేదు.

లెక్కల మాస్టారు:
కణమిత్ర గారూ, ఆయన్ని ఓదార్చడం మంచిదే, కానీ లెక్క తప్పు చెప్పి కాదు. ఆ 2015 పరిశోధనలోని మూడింట రెండు వంతులు కేసుల గురించిన మాట కాదు. ఒక అవయవానికీ ఇంకో అవయవానికీ రిస్క్‌లో ఉన్న తేడా గురించి. ఏదో ఒక విషం అన్ని అవయవాల్లోనూ రిస్క్‌ని రెట్టింపు చేసిందనుకోండి. పేగుకీ గుండెకీ మధ్య నిష్పత్తి ఎప్పటిలాగే ఉంటుంది, విభజనలకీ రిస్క్‌కీ వాళ్లు గీసిన గ్రాఫ్‌లో గీత వాలు మారదు. కానీ సగం కేసులకి కారణం ఆ విషమే! ఆ గ్రాఫ్ దాన్ని చూడనే చూడదు. జపాన్ నుంచి హవాయికి వలస వెళ్లినవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ బాగా పెరిగింది. ఓడ ఎక్కినంత మాత్రాన పాలిమరేజ్ మారిపోదు కదా, మారింది జీవన విధానం. అదే 2015 చివర్లో ఇంకో బృందం బయటి కారణాల వాటా 70 నుంచి 90 శాతం అని లెక్కగట్టింది.

కణమిత్ర:
మాస్టారూ, కేసులకీ తేడాకీ కలిపేసి మాట్లాడాను, ఒప్పుకుంటున్నాను. అయితే 2017లో ఆ ఇద్దరూ, మరొక సహచరుడూ కలిసి మ్యుటేషన్లనే, అంటే డీఎన్‌ఏలో వచ్చే మార్పులనే, లెక్కపెట్టారు. 66 శాతం నకలు తప్పులు, 29 శాతం పరిసరాల వల్ల వచ్చినవి, 5 శాతం వారసత్వం. దీన్నీ కాదంటారా?

మైక్రోస్కోపు:
నా మాట ఇక్కడ. మ్యుటేషన్ వేరు, క్యాన్సర్ వేరు. ఒక కణం అదుపు తప్పడానికి సాధారణంగా రెండు మూడు కీలకమైన మ్యుటేషన్లు కావాలి. మూడింటిలో రెండు నకలు తప్పులే అయినా, మూడోది పొగ వల్ల వస్తే, ఆ పొగ లేకపోతే ఆ క్యాన్సర్ రాదు. అందుకే ఆ 66 శాతమూ నిజమే, చాలా క్యాన్సర్లని ఆపొచ్చన్నదీ నిజమే. పైగా విభజనల సంఖ్య కూడా రాసిపెట్టినది కాదు. ఏళ్ల తరబడి వాపు ఉన్నచోట, పుండు మానుతూ మళ్లీ రేగుతున్నచోట కణాలు ఎక్కువసార్లు విభజన చెందాల్సి వస్తుంది. బయటి కారణం లోపలి తప్పులని కూడా పెంచుతుంది. మీరిద్దరూ రెండు పెట్టెల్లో సర్దుతున్నది నిజానికి ఒకే పెట్టె.

సందేహి గారూ, మీకు ఒక ముఖ్యమైన మాట. కణమిత్ర గారు చెప్పిన రిపేరు ప్రొటీన్ల జన్యువే పుట్టుకతో పాడైపోయి ఉండే కుటుంబాలు ఉంటాయి. దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 3 శాతం అవే. నాన్నగారి కణితి ముక్క మీద ఆ లోపం కోసం పరీక్ష చేశారేమో డాక్టర్‌ని అడగండి. చేసినా చేయకపోయినా, మీరూ మీ తోబుట్టువులూ కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అడగండి. పేగు లోపలి గోడ మీద మొలిచే పాలిప్ అనే చిన్న గడ్డ క్యాన్సర్‌గా మారడానికి చాలా ఏళ్లు పడుతుంది, ఆలోపు కనిపిస్తే తీసేయొచ్చు.

లెక్కల మాస్టారు:
ఇది నేను ముందే చెప్పాల్సింది. ఒక్క మనిషి విషయంలో ఫలానాదే కారణం అని ఏ శాతమూ చెప్పలేదు. మీ నాన్నగారిని తప్పుపట్టడానికి నా లెక్కలు వాడొద్దని వచ్చినవాళ్లకి చెప్పండి.

సందేహి:
నిన్న రాత్రి ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. లక్షకి ఒకటి తప్పు, దిద్దుబాటు, మళ్లీ దిద్దుబాటు అన్నదగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే ముందు నువ్వూ తమ్ముడూ ఆ పరీక్ష చేయించుకోండి" అన్నారు. సోమవారం డాక్టర్ని కలుస్తున్నాం.