గుమ్మపాలు వదలని నాన్నగారి కోసం: పాలను 63 డిగ్రీల వద్ద నిలపడం ఎలా?

నాన్నగారికి 68 ఏళ్లు. పితికిన వెంటనే గుమ్మపాలు తాగనిదే ఆయనకు తెల్లవారదు. ఈ మధ్య మా కొట్టంలో ఒక గేదెకు ఏడో నెలలో గర్భం పోయింది. బ్రూసెల్లోసిస్ కావచ్చని పశువైద్యుడు రక్తం తీసుకెళ్లారు, ఫలితం ఇంకా రాలేదు. ఆ జబ్బు పచ్చిపాల ద్వారా మనుషులకూ సోకుతుంది. మిగతా గేదెల పాలనూ నమ్మలేకపోతున్నాను.

కాచినా మాంసకృత్తులు, కాల్షియం పోవని ఎంత చెప్పినా మరిగిన వాసన, తరక ఆయనకు పడవు. 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచితే క్రిములు చస్తాయి కదా అని థర్మామీటరు పెట్టి చూశాను. లీటరు పాలు, స్టీలు గిన్నె, గ్యాసు సన్నమంట: పది నిమిషాలకే 75 దాటి తరక కడుతోంది. మంట ఆర్పితే 58కి పడిపోతోంది. వేడినీళ్ల గిన్నెలో పెట్టి కాచినా ఇదే తంతు.

ఇంటి పొయ్యి మీద పాలను అరగంట పాటు 63 డిగ్రీల వద్ద నిలకడగా ఉంచడానికి మీరు ఏ పద్ధతి పాటిస్తున్నారు?