అత్తమామలతో తైవాన్ పల్లెలు, నైట్ మార్కెట్లు: 5 రోజుల్లో ఏవి చూపించాలి?

అడిగినవారు, షిన్‌చు నుంచి

అందరికీ నమస్కారం. మేము షిన్‌చు వచ్చి మూడు నెలలైంది, మావారిది సైన్స్ పార్కులో ఉద్యోగం. అక్టోబర్ చివర్లో అత్తయ్య, మామయ్య రాజమండ్రి నుంచి వస్తున్నారు. బాబుకి 6, పాపకి 3 ఏళ్ళు. అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు, మామయ్యకి మోకాళ్ళ నొప్పులు. మావారు 5 రోజులు సెలవు పెట్టి తైపే, హువాలియన్, కావ్‌షుంగ్, తైనాన్, సన్ మూన్ లేక్ అన్నీ చుట్టేద్దాం అంటున్నారు. రోజూ రాత్రి ఒక నైట్ మార్కెట్ కూడా. నాకేమో ఇప్పటి నుంచే టెన్షన్. అత్తయ్య అక్కడ ఏం తింటారు? చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు, షిన్‌చు నుంచి (ఇక్కడ 7 ఏళ్ళుగా ఉన్నాం)

ముందు ఆ ప్లాన్ మార్పించండి. మ్యాప్‌లో తైవాన్ చిన్నగానే కనిపిస్తుంది కానీ మధ్యలో అంతా కొండలే, తూర్పు వైపుకి వెళ్ళాలంటే చుట్టూ తిరిగి వెళ్ళాలి. పైగా 2024 ఏప్రిల్ భూకంపం తర్వాత హువాలియన్ దగ్గర తారోకో లోయలో చాలా దారులు మూసేశారు, దానికోసమే వెళ్ళేట్టయితే ఏవి తెరిచారో తారోకో నేషనల్ పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోకుండా టికెట్లు కొనకండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన్ని, మూడేళ్ళ పాపని పెట్టుకుని ఐదు రోజుల్లో ఐదు ఊళ్ళంటే సగం సెలవు స్టేషన్లలోనే గడిచిపోతుంది. మా నాన్నగారు వచ్చినప్పుడు మేమూ ఇదే తప్పు చేశాం. ఆదివారం జియుఫెన్ తీసుకెళ్ళాం, ఆ ఊరంతా మెట్లే, ఆపైన వాన. తిరుగు బస్సు కోసం గంటన్నర లైన్లో నిలబడ్డాం. మర్నాడు ఆయన మంచం దిగలేదు, మిగతా ట్రిప్ రద్దు చేసుకున్నాం. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను: రోజుకి ఒక్క చోటు పెట్టుకోండి. మార్కెట్ అయితే ఆ రాత్రి పడుకునే ఊళ్ళోదే చూడండి, అదీ రోజూ అక్కర్లేదు.

మీరు షిన్‌చులోనే ఉన్నారు కాబట్టి మొదటి రోజు హోటలే అవసరం లేదు. మీ దగ్గరే బేపు అని హక్కా వాళ్ళ (చైనా నుంచి వచ్చి స్థిరపడిన ఒక తెగ) పాత ఊరు ఉంది. అక్కడ "లే ఛా" ఇచ్చే కొట్లుంటాయి. మట్టి గిన్నె, పొడుగాటి కర్ర రోకలి మన చేతికే ఇచ్చేస్తారు, అందులో నువ్వులు, వేరుశనగలు, టీ ఆకు వేసి నూనె తేలేదాకా మనమే నూరాలి. తర్వాత వేడినీళ్ళు పోసి పైన మరమరాలు చల్లుకుని తాగడమే. మా అమ్మ ఆ రోకలి పట్టుకుని పక్క బల్ల వాళ్ళకి కూడా ఎలా నూరాలో చూపించింది, భాష రాకపోయినా. మీ అత్తగారికి ఇక్కడ తిండి దిగులు ఉండదు. అదే ప్రాంతంలో షిన్‌పు అనే ఊళ్ళో శరదృతువులో పెర్సిమన్ పళ్ళు తొక్క తీసి, పెద్ద పెద్ద గుండ్రటి పళ్ళేల్లో వరసగా పేర్చి ఎండకీ గాలికీ ఆరబెడతారు, మీ వాళ్ళు వచ్చేది సరిగ్గా ఆ సీజన్‌లోనే. (ఈ పండు మన తునికి పండుకి దగ్గరి చుట్టం, మామగారు రుచి చూసి ఏమంటారో నాకూ చెప్పండి.) మర్నాడు ఓపికుంటే నైవాన్ అనే కొండ ఊరికి చిన్న రైలు ఉంది, జూజోంగ్‌లో మారాలి. పిల్లలకి ఆ రైలే సంబరం.

తర్వాత రెండు రాత్రులు సన్ మూన్ లేక్. షిన్‌చు నుంచి తైచుంగ్‌కి హైస్పీడ్ రైలులో అరగంట లోపే. తైచుంగ్ హైస్పీడ్ స్టేషన్ దగ్గరే 6670 నంబరు బస్సు ఎక్కితే గంటన్నర, రెండు గంటల్లో సరస్సు. సుమారు 750 మీటర్ల ఎత్తు కాబట్టి సాయంత్రం చల్లగా ఉంటుంది, స్వెట్టర్లు పెట్టుకోండి. సరస్సు చుట్టూ నడిపించకండి, పడవ మీద ఒక రేవు నుంచి ఇంకో రేవుకి వెళ్ళొచ్చు, పెద్దవాళ్ళు కూర్చునే అన్నీ చూస్తారు. వెన్‌వు గుడికి రోడ్డు వైపు నుంచి వెళ్ళండి, సరస్సు వైపు నుంచి ఎక్కితే 366 మెట్లు. రోప్‌వే తప్పకుండా ఎక్కించండి. అక్కడి బ్లాక్ టీ కూడా తాగించండి. దానికీ మనకీ సంబంధం ఉంది, జపాన్ వాళ్ళు పాలించిన రోజుల్లో, 1920లలో, అస్సాం నుంచి విత్తనాలు తెచ్చి అక్కడ వేశారు. మన అల్లం టీ అలవాటున్న వాళ్ళకి గ్రీన్ టీ కన్నా ఇదే నచ్చుతుంది.

ఇక తిండి సంగతి, మీ అసలు దిగులు అదే కదా. తైవాన్‌లో శాకాహారం దొరకడం కష్టమేమీ కాదు, అడగడం తెలియాలి, అంతే. శాకాహారాన్ని "సూ" అంటారు. ఆ అక్షరం ఎలా ఉంటుందో ఆఫీసులో ఎవరినైనా అడిగి ఫోన్‌లో పెట్టుకోండి. చాలా శాకాహార కొట్ల బోర్డుల మీద స్వస్తిక్ గుర్తు కూడా ఉంటుంది, బౌద్ధుల గుర్తు అది, దూరం నుంచే అత్తగారు పోల్చుకుంటారు. ప్యాకెట్ల మీద అయితే ఇంకా వివరంగా రాస్తారు: పూర్తి శాకాహారం, పాలు కలిసినది, గుడ్డు కలిసినది, రెండూ కలిసినది, ఉల్లి వెల్లుల్లి లాంటివి కలిసినది అని ఐదు రకాలు. కార్తీకమాసంలో ఉల్లి వెల్లుల్లి మానేసే వాళ్ళకి మన ఊళ్ళో కన్నా ఇక్కడే సులువు అని నేనెప్పుడూ అంటాను.

నైట్ మార్కెట్లో మాత్రం జాగ్రత్త. కూరగాయే కదా అనుకున్నది పంది కొవ్వులో వేగి ఉండొచ్చు, సూప్‌లో చేప ఉండొచ్చు. ఉల్లికాడల రొట్టె చూడ్డానికి మన పరోటాలా ఉంటుంది, ఏ నూనెలో కాలుస్తున్నారో అడగందే పెట్టకండి. చక్రాల్లా ఉండే ఎర్రబొబ్బర్ల కేకుల పిండిలో గుడ్డు ఉంటుంది. అత్తగారికి హాయిగా ఇవ్వగలిగినవి: కోసిన పళ్ళు, మామిడి ఐస్, అల్లం పాకంలో వేసిచ్చే మెత్తటి టోఫూ (సోయా పాలతో చేసేది), ఇంకా చిలగడదుంప ఉండలు (ఆ మూకుడులో వేరేవి వేయించడం లేదని ఒకసారి చూసుకోండి). సీతాఫలం కనిపిస్తే తప్పకుండా కొనండి, ఇక్కడ దాన్ని "షిజియా" అంటారు, శాక్యముని పేరు మీద వచ్చిన పేరది, పైన గుబ్బలు బుద్ధుడి తల మీద జుట్టు ముడుల్లా ఉంటాయని. స్టింకీ టోఫూ వాసనకి మొదటిసారి కడుపులో తిప్పుతుంది, ఆ వరసకి దూరంగా నడిపించండి. అత్తగారికి భోజనం ముందే పెట్టేసి తీసుకెళ్తే మార్కెట్లో ఆకలితో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఇంకొకరు, తైచుంగ్ నుంచి

పై అక్క చెప్పినవన్నీ నిజం. నేను కలిపేవి రెండు మూడు. మా ఊళ్ళో ఫెంగ్‌జియా మార్కెట్ చాలా పెద్దది, శని ఆదివారాలు తోపులాట, స్ట్రోలర్ అసలు కదలదు. మంగళవారమో బుధవారమో సాయంత్రం 6 లోపు వచ్చేయండి. అయితే అన్ని ఊళ్ళ మార్కెట్లూ రోజూ ఉండవు, తైనాన్‌లో గార్డెన్ నైట్ మార్కెట్ గురు, శని, ఆదివారాలే. కొట్లలో ఎక్కువగా నగదే తీసుకుంటారు, వంద నోట్లు ఉంచుకోండి. చెత్తబుట్టలు దొరకవు, సంచి ఒకటి వెంట పెట్టుకోండి. తైపే మెట్రోలో పాపకి బిస్కెట్ కూడా పెట్టొద్దు, మంచినీళ్ళు తాగినా 1,500 నుంచి 7,500 తైవాన్ డాలర్ల దాకా జరిమానా. మామూలు రైళ్ళలో, హైస్పీడ్‌లో తినొచ్చు, పులిహోర కట్టుకుని వెళ్ళండి.

ఛింగ్‌జింగ్ గొర్రెల ఫామ్ పిల్లలకి నచ్చుతుంది కానీ రోడ్డు మలుపులకి వాంతులవుతాయి. అక్కడి నుంచి ఇంకా పైకి, 3,275 మీటర్ల వూలింగ్ కనుమ దాకా డ్రైవర్లు తీసుకెళ్తామంటారు. పెద్దవాళ్ళకి బీపీ ఉంటే ఒప్పుకోకండి.

అడిగినవారు

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. మావారికి చదివి వినిపించాను, కావ్‌షుంగ్, హువాలియన్ తీసేశారు. తైపే దగ్గరి షిఫెన్‌లో ఆకాశ దీపాలు మాత్రం వదిలించాలని పట్టు. మామయ్య వెళ్ళగలరా?

జవాబు, షిన్‌చు నుంచి

షిఫెన్ ఫరవాలేదు, స్టేషన్ పక్కనే పట్టాల దగ్గర వదులుతారు, మెట్ల బాధ లేదు. పని రోజు వెళ్ళండి, రుయిఫాంగ్‌లో రైలు మారి. దీపం మీద కుంచెతో తెలుగులోనే రాయించండి, మామగారి చేత. జలపాతానికి మాత్రం స్టేషన్ నుంచి అరగంట నడక, అది పిల్లలతో మీవారు వెళ్ళొస్తారు. నా మనసులో మాట, కాలిపోయిన దీపాలు కొండల్లో పడుతుంటాయి, వాటిని ఊరివాళ్ళు ఏరుకోవాలి, అందుకని ఇంటికొకటి కాకుండా అందరూ కలిసి ఒక్కటే వదలండి.

ఇంకోటి, వాళ్ళు వచ్చేటప్పుడు మాంసం పచ్చళ్ళు, పళ్ళు, కూరగాయలు తేవద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి, విమానాశ్రయంలో పట్టుకుంటారు, జరిమానా చాలా పెద్దది. హైస్పీడ్ టికెట్లు 28 రోజుల ముందు నుంచి ఇస్తారు, తేదీలు ఖాయమవగానే తీసేసుకోండి. "మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు వద్దు" అని చైనీస్‌లో రాయించిన చీటీ నా దగ్గర ఉంది, మా అమ్మకి వాడినదే, ఫోటో తీసి మీకు పంపిస్తాను.