సమస్యాపూరణం: "మెట్లు లేని వీణ మేలు వీణ"

ఈ వారం ఇచ్చినది ఆటవెలది చివరి పాదం. తీగల కింద స్వరస్థానాలుగా అమర్చే మెట్లు లేకపోతే వీణ ఎలా అవుతుందని చదివినవారికి అనిపించాలి, అయినా మీ పద్యంలో ఆ మాట నిజమై తీరాలి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ మిత్రులందరూ రాయండి. పిల్లలు బడిలో ఒడియా చదువుకున్నా సరే, పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాదమైనా అల్లించండి.

గుణుపురం వైణికురాలు:

కొయ్యముక్క జారు గోటువాద్యమునందు
స్వరము స్వరము నడుమ సందు లేదు
గమక మెల్ల సాగు గాత్రమ్ము వోలెను
మెట్లు లేని వీణ మేలు వీణ

నిర్వాహకుడు: భేష్ అమ్మా! గోటువాద్యాన్నే చిత్రవీణ అంటారు. 21 తీగలుంటాయి, మెట్టు ఒక్కటీ ఉండదు. సమస్యలోని విరోధం పూర్తిగా తీరింది. 'కొ'కి 'గో' యతి చక్కగా కుదిరింది. ఒక్క మాట మాత్రం ఒప్పుకోలేను. మెట్ల వీణలోనూ తీగను పక్కకు లాగితే అదే మెట్టు మీద పై స్వరాలు పలుకుతాయి. గమకం, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం, చిత్రవీణ సొత్తు మాత్రమే కాదు.

వైణికురాలు: లాగి పైకి వెళ్లగలం గానీ, ఆ మెట్టు స్వరం కంటే కిందికి దిగలేం కదండీ. గోటువాద్యంలో ఎటైనా జారవచ్చు. నా 'మేలు' అక్కడుంది.

నిర్వాహకుడు: బాగా చెప్పారు. పద్యంలోనూ ఆ దిగడం వినిపిస్తే ఇంకా బలంగా ఉండేది.

రాయగడ గృహిణి:

అమ్మ గొంతు విప్పి యాలపించెను జోల
కుండ లేదు తీగె కూర్పు లేదు
ఊయలందు పాప యూకొట్టి నిదురించె
మెట్లు లేని వీణ మేలు వీణ

పర్లాకిమిడి మాస్టారు: మూడో పాదం హాయిగా ఉందమ్మా. కానీ ఐతరేయ ఆరణ్యకం దేహాన్నే దైవీవీణ అంది. మన వైణికులు 24 మెట్లను వెన్నుపూసలతో పోలుస్తారు. ఆ లెక్కన అమ్మ వీణకీ మెట్లున్నాయి!

గృహిణి: నేను చెప్పింది గొంతు గురించి మాస్టారూ, వెన్ను గురించి కాదు.

నిర్వాహకుడు: ఆమెదే న్యాయం. అయితే గొంతును వీణ అనడం పాత దారే. ఈ పద్యాన్ని నిలబెట్టింది ఊకొట్టే పాప.

రాయగడ విద్యార్థి (మొదటి ప్రయత్నం):

పనస చెట్టు మాను నుండి తొలిచినది
మైన మింక పెట్టు మాట లేదు
తీగ బిగియలేదు తీరు చూచిన చాలు
మెట్లు లేని వీణ మేలు వీణ

నిర్వాహకుడు: బాబూ, మొదటి పాదంలో గణాలు సరిపోయాయి, యతి తప్పింది. 'ప'కి 'ను' కుదరదు. "పనస మాను తొలిచి పట్టిన యాకృతి" అని మార్చి చూడు. టెన్షన్ పడకు, ఊహ చాలా కొత్తగా ఉంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమానులో కుండ (నాదం పలికే గుండ్రటి భాగం), దండి (మెట్లుండే పొడవాటి మెడ) కలిపి తొలుస్తారు, అదే ఏకాండి వీణ. రాయగడలో రైలెక్కితే పార్వతీపురం దాటాక బొబ్బిలే. వెళ్లి ఆ పని కళ్లారా చూడు, రెండో పద్యం దానంతటదే వస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు:

మైనమందు నొక్కి మరి యిరువదినాల్గు
చెవికి నొప్పినట్లు చేర్చినపుడె
రాగ మెల్ల పలుకు, రచ్చలో నెవరనె
"మెట్లు లేని వీణ మేలు వీణ"?

నిర్వాహకుడు: సమస్యను ప్రశ్నగా తిప్పి ఖండించడం పెద్దల పద్ధతి. కానీ మాస్టారూ, 'మరి' పాదం నింపడానికే వచ్చింది, మెట్లన్న మాటేమో నాలుగో పాదం దాకా రాలేదు. "మైనమందు మెట్లు మలచి యిర్వదినాల్గు" అంటే రెండూ తీరతాయి. రెండో పాదం మాత్రం ముట్టుకోను. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిల మెట్లు, మసి కలిపిన మైనంలో ఒక్కొక్కటీ చెవితో విని కూర్చాలి. ఎండకు మైనం మెత్తబడి మెట్టు కాస్త కదిలినా అపస్వరమే. ఆ ఓపిక తెలిసిన మనిషి రాసిన పాదం అది.

మాస్టారు: సవరణ తీసుకున్నాను. 'మరి' నాకూ గుచ్చుకుంటూనే ఉంది.

వచ్చే వారం సమస్య, మళ్లీ ఆటవెలదే: "తీగ తెగిన వీణ తీయ నయ్యె." ఈసారి ప్రశ్నగా తిప్పవద్దు, తెగిన తీగతోనే తీపి చూపించాలి.